డోర్నకల్ తండ్రిగారు

ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పెన్షను అనేది యజమాని దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని స్థిరపడింది. ఈ సందర్భంగా వెలువడే ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, చిత్రంగా నాకు మొదట తోచిన పేరు అసలు విశ్రాంతే ఎరుగని ఒక మనిషిది. డెబ్బయి ఏళ్లు నిండిన తరువాత కూడ పదవిలో ఉండి, పని చేస్తూ చేస్తూ 1945 జనవరి 1న కన్నుమూసినవారు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఎవరి మతం వారిది. నేను ఇక్కడ మతబోధ చేయబోవడం లేదు. అయితే రిటైరయిన కొత్తలో నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇరవైనాలుగు గంటలు చాలేవి కావు. రిటైరయ్యాక ఉదయం శారదానది వైపు నడిచి వచ్చి, పేపరు మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివి గడియారం చూస్తే ఇంకా తొమ్మిది కూడ అయ్యేది కాదు. ఆ రోజుల్లోనే ఒక మిత్రుడు అజరయ్యగారి సంగతి చెప్పి, ఆయన గురించిన పుస్తకం చేతిలో పెట్టాడు. కాలాన్ని ఒక మనిషి ఎలా వాడుకున్నాడు, చదివిన గ్రంథాన్ని చదువురానివారిచేత ఎలా చదివించాడు అన్న రెండు విషయాలే నన్ను పట్టుకున్నాయి.

అజరయ్యగారు పుట్టుకతో తెలుగువారు కారు. తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టిన తమిళుడు. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ పల్లె పాదిరీ. తల్లి ఎల్లెన్ అమ్మగారు. ఆడపిల్ల పుట్టిన చాలా ఏళ్లకు, ఎన్నో ప్రార్థనల తరువాత కలిగిన కొడుకు కనుక బైబిలులోని సమూయేలు పేరు పెట్టుకున్నారు. తండ్రి ఈయన చిన్నతనంలోనే పోయారు. తల్లి మాత్రం చాలా గట్టి మనిషి. పిల్లవాడి చదువు, ప్రార్థన, నడత మూడింటి మీదా ఒకే కన్ను వేసి పెంచింది.

మెజ్ఞానపురం హాస్టలు బడిలో, తరువాత తిరునల్వేలిలో చదివి, పై చదువుకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ సహాధ్యాయి, జీవితాంత మిత్రుడు కె.టి. పాల్‌గారు. కుర్రవాళ్లు కొందరు గుమిగూడి బైబిలు చదువుకోవడం, చదివినదాన్ని గురించి వాదించుకోవడం, కలిసి ప్రార్థించడం అక్కడే అలవాటయింది. బి.ఎ. పరీక్షకు అన్నీ బాగానే సిద్ధం చేసుకున్నారు గాని, గణితం పరీక్ష నాటికి జబ్బు పడ్డారు. మళ్లీ ఆ పరీక్షకు కూర్చోలేదు. డిగ్రీ లేకుండానే బయటపడ్డారు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చిందంటే, మన పిల్లల మార్కుల జాబితాలు చూసి బెంగపెట్టుకునే తల్లిదండ్రులు ఒకసారి గుర్తు చేసుకోవలసిన విషయమే.

1895లో, ఇరవైఒకటో ఏట, వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా ఉద్యోగం దొరికింది. దక్షిణ భారతమంతా తిరిగి యువకుల సంఘాలు నెలకొల్పడం, వారికి బైబిలు తరగతులు నడపడం ఆ పని. మరుసటి ఏడు అమెరికానుంచి షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు వచ్చాడు. ఇద్దరికీ గాఢమైన స్నేహం కుదిరింది. తెల్లవారు ఒక బల్ల దగ్గర, మనవారు మరొక బల్ల దగ్గర కూర్చునే ఆ కాలంలో ఈ ఇద్దరూ కలిసి తిని, కలిసి తిరిగి, కలిసి మోకరించారు. తరువాత కథకు ఈ స్నేహం చాలా ముఖ్యం.

1898లో అన్బు మరియమ్మాళ్‌గారితో వివాహం జరిగింది. దక్షిణాదిలో కళాశాల మెట్లెక్కిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం పుచ్చుకోకుండా, హంగులు లేకుండా పెళ్లి చేసుకున్నారు. కట్నం వద్దని నలుగురికీ ఉపన్యాసం చెప్పి తన దగ్గరకు వచ్చేసరికి పెద్దవాళ్ల మాట కాదనలేకపోయాననే పెద్దమనుషులను మనం చాలామందిని చూశాం కదా.

వై.ఎం.సి.ఎ. ఉద్యోగం మంచిది. గౌరవం ఉంది, దేశదేశాల వారితో పరిచయాలున్నాయి. కాని 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు ఆయనకు ఒక విషయం గుచ్చుకుంది. అక్కడి తమిళ క్రైస్తవ యువకులు తమ చందాలతో తామే ఒక మిషను నడుపుతూ సముద్రం దాటి మన దేశానికి సేవకులను పంపుతున్నారు. తిరునల్వేలి క్రైస్తవ సంఘం అంతకంటె ఎంతో పాతది, పెద్దది. అది ఇంతవరకు ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. అన్నీ దొరలు చేస్తారు, మనం పుచ్చుకుంటాం అన్న అలవాటు పడిపోయింది. తిరిగివచ్చి 1903 ఫిబ్రవరి 12న మిత్రులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మనవారే, డబ్బు మనదే, పెత్తనం మనదే అన్నది దాని పద్ధతి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురంలో కేరీ గ్రంథాలయంలో అన్ని ప్రాంతాలవారు కలిసి జాతీయ మిషనరీ సంఘాన్ని కూడ స్థాపించినప్పుడు అందులోనూ ఈయనే ముందున్నారు.

తిరునల్వేలివారు తమ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇప్పుడు అది తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో ఉంది. మన అనకాపల్లినుంచి వెళ్లేవారు విజయవాడలో బండి మారి కాజీపేట లైను పట్టుకుంటే ఖమ్మం దాటాక వస్తుంది. ఇల్లెందు బొగ్గుగనుల వైపు చీలిపోయే లైను అక్కడే మొదలవుతుంది గనుక మనలో రైల్వే ఉద్యోగం చేసినవారికి ఆ జంక్షను బాగా తెలుసు. ఆ రోజుల్లో చుట్టూ అడవి, మలేరియా, చెదురుమదురుగా పల్లెలు. సొసైటీ పంపిన సేవకులు అక్కడ పని మొదలుపెట్టారు. అజరయ్యగారు ఊరూరా తిరిగి, ఎవరైనా వెళ్లండి, తెలుగు పల్లెలకు వెళ్లండి అని యువకులను ప్రోత్సహిస్తూ వచ్చారు. కొన్నాళ్లకు ఆయనకే ఒక ప్రశ్న అడ్డం వచ్చింది. అందరినీ వెళ్లమంటున్నాను, నేనెందుకు వెళ్లను? 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురుపట్టాభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి అయిదు.

బదిలీ మీద ఇంకో జిల్లాకు వెళ్లి, అదే తెలుగు అయినా అక్కడి యాస అర్థం కాక తిప్పలు పడినవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. ఆయనకు భాషే కొత్త. ముప్పయి అయిదేళ్ల వయస్సులో అ, ఆ లతో మొదలుపెట్టి, పల్లెటూరి కూలివాడికి అర్థమయ్యేలా బోధించేంత తెలుగు నేర్చుకున్నారు. ఇక్కడ మన ప్రాంతం ప్రసక్తి కూడ కొంత ఉంది. ఆ కూలివాడి చేతికి వచ్చిన తెలుగు బైబిలుకు మొదలు మన పక్కనున్న విశాఖపట్నం. 1805లో లండన్ మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనేవారు అక్కడకు వచ్చి, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను ఇక్కడే చనిపోయారు. వారు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇద్దరూ అచ్చుప్రతి కళ్లచూడలేదు.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేయిమందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆసియావాసులు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. అజరయ్యగారికి దొరదొరసానులతో మనవారి సంబంధాల గురించి మాట్లాడే పని అప్పగించారు. మెచ్చుకోలు మాటలు నాలుగు చెప్పి కూర్చుంటారని సభ అనుకుని ఉంటుంది. ఆయన విదేశీ సేవకుల త్యాగాన్ని కొనియాడుతూనే, ఇంతకాలం కలిసి పనిచేసిన భారతీయ సహోద్యోగిని ఎందరు ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెట్టారని నిలదీశారు. సంబంధం యజమానికీ నౌకరుకూ ఉన్నట్లుగా ఉన్నదని, డబ్బు ఇచ్చారు, ప్రాణం పెట్టారు, ఇక స్నేహం కూడ ఇవ్వండని అడిగారు. సభలో కొందరి ముఖాలు ఎర్రబడ్డాయి. కొందరు లేచి నిరసన తెలిపేటంత పని అయింది. మన ఆఫీసుల్లో పై అధికారి ఎదుట, అదీ ఆయన ఇంట్లో ఆయన పెట్టిన సభలో, ఈ మాట అనగలిగినవాడిని ఒక్కడిని చూపించండి. ఆ మాటలో ద్వేషం లేదు. ఎడ్డీతో పంచుకున్న స్నేహం రుచి తెలిసినవాడు కనుకనే అది అందరికీ కావాలని అడిగాడని నాకు తోస్తుంది.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారికి ఈయన మీద గట్టి నమ్మకం. భారతీయుడు బిషప్ కావలసిందేనని పట్టుబట్టినవాడాయన. వ్యతిరేకత రెండు వైపులనుంచీ వచ్చింది. నల్లవాడి కింద ఎలా పనిచేస్తామన్న దొరలు కొందరు, మనలో ఆ కులంవాడేనా అన్న భారతీయ క్రైస్తవులు కొందరు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. వయస్సు ముప్పయి ఎనిమిది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముప్పయి అయిదేళ్ల ముందు మాట ఇది. అంతవరకు ఆ పీఠాలన్నీ తెల్లవారివే. ఆయన డయోసిసు మొదట చిన్నది. 1920 తరువాత కృష్ణా, గుంటూరు, కర్నూలు ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడ వచ్చి చేరాయి. పని పదింతలయింది.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడినుంచి.

ఆ డయోసిసులో చేరుతున్నవారు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వ్యవసాయ కూలీలు. కుటుంబాలకు కుటుంబాలు, ఒక్కోసారి పేటకు పేట కలిసి వచ్చేవారు. అక్షరం ముక్క రాదు. తెల్లవారుజామున పొలానికి పోతే పొద్దుగూకాకే ఇల్లు. బాప్తిస్మం ఇచ్చి పేరు రాసుకుంటే లెక్క పెరుగుతుంది గాని మనిషి పెరగడు. వీరికి ఏం తెలుసని మతం పుచ్చుకున్నారు, బియ్యం కోసమా అన్న విమర్శ అప్పుడూ ఉంది. అజరయ్యగారు ఆ విమర్శకు కోపం తెచ్చుకోలేదు. తెలియకపోతే తెలిసేలా చేయాలి, అంతే కదా అన్నట్లుగా పని పెట్టుకున్నారు.

చదువు రానివాడు బైబిలు ఎలా చదువుతాడు? చెవితో చదువుతాడు, నోటితో చదువుతాడు. మన పెద్దలు రామాయణ భారతాలు అలాగే కదా నేర్చుకున్నారు. ఎంతమందికి అక్షరాలు వచ్చాయి? బాప్తిస్మానికి ముందు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా రావాలి. ఏసు చెప్పిన ఉపమానాలు, చేసిన అద్భుతాలు కథలుగా వచ్చి ఉండాలి. ఒక్కో పల్లెకు ఒక పంతులు. పగలు పిల్లలకు బడి. రాత్రి, కూలిజనం ఇల్లు చేరి గంజి తాగిన తరువాత, గంట కొట్టి ప్రార్థన. బిషప్‌గారు ఊరిని తన వేళకు రమ్మనలేదు, ఊరి వేళకు తన పనిని సర్దారు. ఆ రాత్రి కూటంలో ఒక కథ. పంతులు చెప్పడం, జనంచేత తిరిగి చెప్పించడం, పాట కట్టి పాడించడం. మరుసటి రోజు కలుపు తీసేచోట ఆడవాళ్లు ఆ పాటే పాడుకునేవారు. తెలుగు కీర్తనలు, భజన, కోలాటం, నాటకం ఇవన్నీ ఆయన ఆదరించారు. ఇంగ్లీషు రాగాలకు తెలుగు మాటలు అతికించి పాడించడంకంటె పల్లెవాడి తాళంలో పల్లెవాడి నోట పాట పలకాలన్నది ఆయన పట్టుదల.

పంతులుకే సరిగా తెలియకపోతే? దానికీ ఏర్పాటు ఉంది. పంతుళ్లను కొన్నాళ్లకొకసారి ఒకచోట చేర్చి పాఠం చెప్పేవారు. వేసవిలో శిబిరాలు పెట్టేవారు. అలాంటి చోట్ల బిషప్‌గారు వచ్చి ఆశీర్వదించి పోవడం కాదు, తానే బైబిలు పాఠం చెప్పేవారు. డోర్నకల్‌లో గురువులకు శిక్షణ ఇచ్చే పాఠశాల పెట్టినప్పుడు చదువుకోవడానికి వచ్చినవారిని భార్యలతో సహా రమ్మన్నారు. భర్త గుడిలో బోధిస్తే సగం పల్లె వింటుంది, మిగిలిన సగానికి నూతి దగ్గర, పొయ్యి దగ్గర చెప్పవలసింది భార్యే అన్న లెక్క. ఆ స్త్రీల పని అంతా అన్బు అమ్మగారి చేతులమీదుగా నడిచింది. చదవడం, పిల్లల పెంపకం, ఇంటి శుభ్రత ఆమె చూసుకునేవారు. కొన్ని వందల పల్లెల తల్లులకు ఆమె పరిచయం.

నేర్చుకున్నది నడతలో కనపడాలని అజరయ్యగారు గట్టిగా పట్టుపట్టేవారు. తాగుడు మానాలి. చచ్చిన గొడ్డు మాంసం మానాలి. పిల్లలను బడికి పంపాలి. తాహతుకు మించి పెళ్లిళ్లు చేసి అప్పులపాలు కారాదు. ఇవి వినడానికి చిన్న మాటలు. కాని వెట్టిలో పుట్టి వెట్టిలో పెరిగిన పేటలో సాయంత్రం కల్లు దుకాణం వైపు పోయే కాలు ప్రార్థన గుడిసె వైపు తిరగడం మాటలు కాదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ తేడాను పల్లెలోని మోతుబరులే చూశారు. మన పాలేరు తాగడం లేదేమిటి, వాడి పిల్లవాడు లెక్క రాస్తున్నాడేమిటి అని విచారించారు. 1930ల నాటికి కొన్నిచోట్ల కాపులు, ఇతర కులాలవారు కూడ ఆ బోధ వినడానికి వచ్చారంటే దానికి కారణం ఏ పండితుని ఉపన్యాసమూ కాదని, ఆ కూలివాళ్ల నడతేనని అజరయ్యగారు ఎన్నోసార్లు రాశారు.

ఇంకొక పద్ధతి ఉంది. పల్లెకు వెళ్లినప్పుడు బాప్తిస్మం పొందినవారందరినీ ఎవరి తలమీద వారిని చెయ్యి పెట్టుకోమనేవారు. నీళ్లు పోసిన తల అది. అలా చెయ్యి ఉంచి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, విన్న సువార్తను మరొకరికి చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థంలో పౌలు చెప్పిన మాటను తన వెంట చెప్పించేవారు. గురువులకూ పంతుళ్లకూ కాదు, పశువుల కాపరికి, ముసలమ్మకు, పదేళ్ల కుర్రవాడికి కూడ అదే. జీతం ఇచ్చి పెట్టుకున్నవాడు చెప్పడం వేరు, ఎవడికి వాడు చెప్పడం వేరు. 1930లలో ఏటా ఒక వారం ఇందుకోసం కేటాయించి, సభ్యులందరూ గుంపులుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లే ఏర్పాటు చేశారు.

డబ్బు విషయంలోనూ ఇంతే. బీదవాడని చెప్పి ఎవరినీ వదల్లేదు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం ఆడవాళ్లకు అలవాటు చేశారు. పంట పండుగనాడు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు, గుడ్లు తెచ్చి గుడిలో పెట్టేవారు. తాను పుచ్చుకునేవాడినే అనుకున్నంతకాలం మనిషి తలెత్తి నిలబడడని ఆయన నమ్మకం. కానుకల గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది.

ఇక ఆయన దినచర్య. తెల్లవారకముందే లేచేవారు. మొదటి గడియలు బైబిలుకు, ప్రార్థనకు. ప్రార్థనలో తన కింద పనిచేసేవారిని వరుసగా పేరు పేరునా తలచుకునేవారు. నాకు ఇది చదివినప్పుడు కొంచెం సిగ్గు వేసింది. నా సెక్షనులో పనిచేసిన పద్నాలుగుమంది ఇంటిపేర్లు, పిల్లల పేర్లు రిటైరయ్యే నాటికి నాకు పూర్తిగా తెలియవు. సీనియారిటీ లిస్టులో వరుస సంఖ్య మాత్రం తెలుసు. ఆ తరువాత ఉత్తరాలు, కాగితాలు. ఆపైన సంచారం. సైకిలు మీద, ఎడ్లబండి మీద, రైలు దిగి కాలినడకన. పల్లెలో రాత్రి కూటం అయ్యేవరకు ఉండి, అక్కడే పడుకుని, తెల్లారి మరో పల్లె. ఇంత తిరుగుడులోనూ పుస్తకాలు రాశారు, పాఠాలు తయారు చేశారు, దేశవిదేశాల మహాసభలకు వెళ్లారు. ఆయనకు కాలం మనకంటె ఎక్కువేమీ లేదు. పొద్దున మొదటి గంట ఎవరికి ఇవ్వాలో ముందే నిశ్చయించుకున్నారు గనుక మిగతా గంటలు వాటంతట అవే సర్దుకున్నాయనిపిస్తుంది. పల్లెజనం ఆయనను బిషప్ అని పిలవలేదు. తండ్రిగారు అన్నారు.

అన్నీ మంచే చెబితే అది జీవిత చరిత్ర కాదు, సన్మాన పత్రం అవుతుంది. తండ్రిగారికి పట్టుదలతోపాటు పెత్తనం కూడ ఉండేది. తాననుకున్నదే జరగాలనేవారని, ఎదురు చెప్పడం కష్టమని దగ్గర పనిచేసినవారిలో కొందరికి ఫిర్యాదు. మాల, మాదిగల మధ్య ఉన్న దూరం చెరపడానికి చాలా పాటుపడ్డారు. ఒకే పాత్రనుంచి సంస్కారం పుచ్చుకోవాలి, ఏ కులం గురువు ఉన్నా అతని చేతిమీదుగానే పుచ్చుకోవాలి అన్నారు. గుడిలో కొంతవరకు సాగింది. గుడి బయట, ముఖ్యంగా పెళ్లి సంబంధాల దగ్గర, ఆయన బతికి ఉండగా అది పూర్తిగా చెరగలేదు. కులాన్ని ఒక్క తరంలో కడిగివేయగలమని ఆయన అనుకుని ఉంటే అది పొరపాటే.

గాంధీగారితోనూ భేదం వచ్చింది. 1935లో అంబేడ్కర్‌గారు హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత మతం మార్పిడుల మీద దేశంలో పెద్ద వాదోపవాదాలు చెలరేగాయి. గాంధీగారు హరిజనుల మధ్య మతప్రచారాన్ని తప్పుపట్టారు. అజరయ్యగారు పీడితుడికి తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు ఉందన్నారు. ఇద్దరూ నిరాడంబరులే, ఇద్దరూ పల్లె కోసమే బతికారు, అయినా ఈ విషయంలో కలవలేదు. దేశానికి ద్రోహం చేస్తున్నాడన్న నింద మాత్రం అజరయ్యగారికి అన్యాయమనే చెప్పాలి. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని ప్రభుత్వం అంటే, మాకు వద్దు, మేము అందరితో కలిసే ఉంటామని కాదన్నవారిలో ఆయన ముఖ్యుడు. సొంత సంఘానికి వచ్చే సీట్లను వద్దన్న నాయకులు అప్పుడూ తక్కువే.

డోర్నకల్‌లో చూడవలసింది అక్కడి కెథెడ్రల్. పాతికేళ్లకు పైగా సాగిన పని. డబ్బు వచ్చినంత కట్టడం, లేకపోతే ఆగడం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ముందు చూస్తే మసీదు గుమ్మటాలు, మినార్లు. లోపలికి పోతే మన దేవాలయ మండపంలో మాదిరి చెక్కిన రాతి స్తంభాలు. నిజాం రాజ్యంలో, తెలుగు నేలమీద, తమిళ బిషప్ కట్టించిన గుడి ఎలా ఉండాలో అలాగే ఉంది. విలాయతీ గుడికి నకలు కట్టడం ఆయనకు ఎంతమాత్రం ఇష్టం లేదు. నేను ఒకసారి వెళ్లి చూశాను. మధ్యాహ్నం ఎండలో చెప్పులు బయట విడిచి లోపల అడుగు పెడితే ఆ రాతి చల్లదనం అరికాళ్లకు తగిలింది. మా ఆవిడ చాలాసేపు ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బండి వేళ అవుతున్నదని నేను తొందరపెట్టవలసి వచ్చింది.

1940ల మొదట్లో ఆ డయోసిసులో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. గురువుల్లో అత్యధికులు తెలుగువారు. అయినా ఆయన మనస్సులో ఒక పని మిగిలిపోయింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకా తక్కిన మిషన్ల సంఘాలు వేరువేరుగా ఉండడం ఆయనకు నచ్చేది కాదు. ఒకే ఊళ్లో రెండు గుళ్లు, రెండు బడులు, రెండు పేర్లు. ఈ తగాదాలు యూరపులో పుట్టాయి, వాటిని మన పల్లెవాడి నెత్తిన ఎందుకు పెట్టాలి అన్నది ఆయన వాదం. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాల భారతీయ పాదిరీలను కూడగట్టి ఐక్యతా ప్రకటన వెలువరించడంలో ఆయనే ప్రధానుడు. ఆనాటినుంచి పాతికేళ్లపాటు కమిటీలు, ముసాయిదాలు, సవరణలు, అభ్యంతరాలు. ఫైలు నడిపిన అనుభవం ఉన్న మనకు ఆ పాతికేళ్ల అర్థం తెలుసు. ప్రతి కామాకూ ఒక మీటింగు.

1944 డిసెంబరు చివర్లో జబ్బు చేసింది. కొద్దిరోజులే. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రాణం విడిచారు. వార్త పల్లెపల్లెకూ పాకింది. ఎడ్లబండ్ల మీద, కాలినడకన జనం వచ్చారు. తాను కట్టించిన గుడి ఆవరణలోనే ఆయనను సమాధి చేశారు.

అదే జనవరి నెలలో భారత ఆంగ్లికన్ సంఘపు మహాసభ కూడి, ఆయన పాతికేళ్లు వెంటపడిన ఐక్యతా ప్రణాళికకు ఓటు వేసి ఆమోదం తెలిపింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ప్రారంభమయింది. డోర్నకల్ డయోసిసు అందులో చేరింది.